ఎడమ పక్క

ఆ ఏడాది ఆకులు రంగు మారకముందే మా జట్టు వరసగా మూడు ఆటలు ఓడిపోయింది. మూడింటికీ కారణం ఒక్కడేనని ఊరు తేల్చేసింది. వాడి పేరు ఎజ్రా స్టాల్. కొండ మీద పాడి ఆవులు పెంచే స్టాల్ వాళ్ళ చిన్నకొడుకు. పద్దెనిమిదేళ్ళవాడు. టిల్టన్ హైస్కూలు ఫుట్‌బాల్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్.

మా ఫుట్‌బాల్ కాలితో తన్నేది కాదు, చేత్తో విసిరేది. బంతి ముందు వాడి చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో, ఎప్పుడు విసరాలో చూసుకోవలసింది వాడే. జట్టు గెలిస్తే వాడు ఊరికి రాజు. ఓడితే దారిన పోయే ప్రతివాడికీ లోకువే.

ఇవన్నీ నాకు బాగా తెలుసు. ఎందుకంటే టిల్టన్‌లో జుట్టుతో పాటు మాటలూ రాలేది మా సెలూన్లోనే. అది మొదట్లో మా నాన్నది. చేతులు వణకడం మొదలయ్యాక కత్తెర నాకిచ్చి తను కిటికీ పక్క కుర్చీలోకి మారాడు. నేను కత్తిరిస్తాను, ఆయన మాట్లాడతాడు. ఆయన మాటంటే ఊళ్ళో గురి. వెండెల్ ప్రాట్ అంటే పంతొమ్మిది వందల నలభై ఎనిమిదిలో టిల్టన్‌కి ఒహాయో రాష్ట్రపు కప్పు తెచ్చిన క్వార్టర్‌బ్యాక్. ఆ తర్వాత మళ్ళీ నలభై ఎనిమిదేళ్ళు గడిచినా మా ఊరు ఆ మెట్టు ఎక్కలేదు.

"వాడు బంతి విసరడమ్మా, పొదుగుతాడు," అన్నాడు గస్. పింగాణీ ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసే మనిషి, సోమవారం సోమవారం గడ్డం గీయించుకోవడానికి వస్తాడు. "ఇంకాసేపు ఆగితే పిల్లలు కూడా లేస్తాయి."

"చూస్తూ నిలబడితే ఎలా?" అన్నాడు నాన్న. "మా రోజుల్లో బంతి చేతికొస్తే ఒకటి, రెండు, అంతే. వెళ్ళిపోవాలి."

"ఇంట్లో మనవణ్ణి పెట్టుకుని మాకు కబుర్లు చెబుతావేమయ్యా వెండెల్? కర్టిస్‌ని దింపమని కోచ్‌తో చెప్పు."

కర్టిస్ నా కొడుకు. జట్టులో రెండో క్వార్టర్‌బ్యాక్. అంటే ఎజ్రాకి ఏదైనా అయితే తప్ప బెంచీ దిగనివాడు. పదిహేడేళ్ళు, తాతవే పొడుగాటి వేళ్ళు. మా ఆయన రాయ్ నది మీద సరుకు పడవల్లో పనిచేసేవాడు, నెలలో మూడు వారాలు ఇంట్లో ఉండేవాడు కాదు. అందుకని కర్టిస్‌ని ఆరేళ్ళ వయసు నుంచీ పెరట్లో బంతి పట్టించి పెంచింది మా నాన్నే.

"అది కోచ్ చూసుకునే పని, గస్," అని నేను నురుగు రాశాను. పైకి అన్న మాట అది. లోపల మాత్రం గస్ ఇంకో రెండు మాటలంటే బాగుండునని ఉంది.

నాలుగో ఆట శుక్రవారం సాయంత్రం మా మైదానంలోనే. గ్యాలరీలో పైనుంచి మూడో వరసలో మా నాన్న చోటు. కింద ఆట బొమ్మల కొలువులా కనిపిస్తుంది. ఎజ్రా చేతికి బంతి వచ్చేది. వాడు రెండడుగులు వెనక్కి వేసి అలా నిలబడేవాడు. నిలబడే ఉండేవాడు. ఎదుటివాడొకడు వచ్చి మీదపడి నేలకి కొట్టేవాడు. కొన్నిసార్లు బంతి చేతిలోంచి వెళ్ళేది, అప్పటికే గురి తప్పేది. కొన్నిసార్లు వెళ్ళేదే కాదు. ఆరోసారి వాడు పడ్డప్పుడు గ్యాలరీ అంతా ఊళ పెట్టింది. చర్చిలో పియానో వాయించే ఆవిడ కూడా లేచి నిలబడి ఊళ పెట్టింది.

"తీసెయ్యండి వాణ్ణి," అని ఎవరో గట్టిగా అరిచారు. ఆ గొంతు నాదేనని నాకు ఒక క్షణం తర్వాత తెలిసింది.

మూడు వరసల కింద ఎజ్రా తల్లి ఇర్మా స్టాల్ కూర్చుని ఉంది, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని. వెనక్కి తిరిగి చూడలేదు. దుప్పటి అంచు కాస్త పైకి లాక్కుంది.

మర్నాడు భోజనాల దగ్గర నాన్న ఉప్పు డబ్బానీ మిరియాల డబ్బానీ ఆటగాళ్ళుగా నిలబెట్టి ఎజ్రా తప్పులు విడమరిచి చెప్పాడు. కర్టిస్ తల ఎత్తకుండా మాంసం కోసుకుంటున్నాడు.

"నువ్వు చెప్పరా," అన్నాడు నాన్న. "ఆ ఆరోసారి, కుడివైపు మనవాడు ఖాళీగానే ఉన్నాడు కదా?"

"ఖాళీ అయ్యాడు తాతా. ముందునుంచీ లేడు. వాడు అక్కడిదాకా పరిగెత్తాలంటే నాలుగు లెక్కపెట్టాలి. ఎజ్రా ఆగింది అందుకే."

"మరి ఆగినవాడు విసరడేం?"

"మూడుకే మీదపడుతున్నారు." కర్టిస్ మిరియాల డబ్బాని ఎడమ పక్కకి జరిపాడు. "ఇక్కడ లైల్ ఉండాలి, వచ్చేవాణ్ణి ఆపడానికి. ఆగస్టులో వాడి కాలు విరిగింది. వాడి బదులు ఆడేది బడ్. వాడికి పదిహేనేళ్ళు. వాణ్ణి తోసుకుని రావడానికి ఎవడికీ కష్టం లేదు. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమ పక్క కనపడదు. ఎజ్రాకి వచ్చేవాడు కనపడడు. అడుగుల చప్పుడు వినపడుతుందంతే."

"చప్పుడు వింటే తప్పుకోవాలి."

"తప్పుకుంటే బంతి పోదు తాతా."

నాన్న నవ్వి, "నువ్వు మంచివాడివిరా, అదే నీ జబ్బు," అన్నాడు. నేనూ నవ్వాను. పిల్లవాడు స్నేహితుణ్ణి వెనకేసుకొస్తున్నాడు అనుకున్నాను.

ఐదోదీ ఆరోదీ కూడా పోయాయి. ఒక ఉదయం కోచ్ బర్డెట్ ఇంటి ముందు గడ్డిలో 'ఇల్లు అమ్మబడును' అని రాసిన పలకలు తొమ్మిది నాటి ఉన్నాయి. మా వైపు కోచ్‌ని ఊరు విడిచి పొమ్మని చెప్పే పద్ధతి అది. ఆయన వాటిని ఒక్కొక్కటే పీకి గోడకి చేరేసి బడికి వెళ్ళాడు. బుధవారం కర్టిస్ ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి, "బ్రాండన్ మీద నేను ఆడుతున్నాను," అన్నాడు.

బ్రాండన్ అంటే నది అవతలి ఊరు. ఏడాదంతా ఓడినా బ్రాండన్ మీద గెలిస్తే మా ఊరు తల ఎత్తుకు తిరుగుతుంది. మా నాన్న లేచి వెళ్ళి స్నానాల గదిలో తలుపేసుకున్నాడు. ఏడ్చాడని ఆయన కళ్ళు చూసి తెలుసుకున్నాను. నేను కర్టిస్‌ని గట్టిగా పట్టుకున్నాను. వాడి ఒళ్ళు పలకలా బిగుసుకుని ఉంది. ఆనందమనుకున్నాను.

బ్రాండన్ ఆటకి ముందు కుర్రాళ్ళంతా జుట్టు పొట్టిగా కత్తిరించుకోవడం రివాజు. గురువారం బడి వదిలాక ముగ్గురు, నలుగురు కలిసి వచ్చి, గోల చేసి వెళ్ళారు. చివర్లో, షాపు ఖాళీ అయ్యాక, ఎజ్రా వచ్చాడు. టోపీ తీసి, "నాక్కూడా చేస్తారా అండీ?" అని అడిగాడు. చెయ్యనంటే వెళ్ళిపోవడానికి సిద్ధంగా, ఒక చెయ్యి తలుపు మీదే ఉంచి.

"రా, కూర్చో," అన్నాను.

కిటికీ పక్క నాన్న పేపరు ఎత్తి పట్టుకున్నాడు. ఎజ్రా కుర్చీలోకి నడుం వంచి కూర్చోలేదు. రెండు చేతులూ ఆనించి, ముసలివాడిలా, మెల్లగా దిగాడు. మెడ చుట్టూ గుడ్డ కట్టడానికి నేను వాడి కాలరు వెనక్కి మడిచాను. మడిచి, ఆగిపోయాను.

ఇరవై రెండేళ్ళుగా మెడలు చూస్తున్నదాన్ని నేను. అలాంటి మెడ చూడలేదు. ఎడమ చెవి కింద మొదలై భుజం మీదుగా చొక్కా లోపలికి, కనిపించినంత మేరా దెబ్బలే. పాతవి పసుపు పచ్చగా, వాటి మీద ఆకుపచ్చవి, వాటి మీద నేరేడు పండు రంగువి. ఒకటి మానకముందే ఇంకొకటి. కుడి పక్క మెడ మాత్రం చంటిపిల్లాడి మెడలా తెల్లగా, నున్నగా ఉంది. మిషను ఆన్ చేశాను గానీ ఆ ఎడమ పక్కకి ఎలా ఆనించాలో తెలియలేదు.

"ఫరవాలేదండీ," అన్నాడు అద్దంలోంచి. "అలవాటే."

"ఊపిరి పొట్టిగా తీస్తున్నావేం?"

"పక్కటెముకలు. డాక్టరు చూశాడు. విరగలేదు."

నేను మిషను కుడి పక్కకి మార్చాను. తర్వాత వాడే మాట్లాడాడు. "కర్టిస్ బాగా ఆడతాడండీ. చెయ్యి నాకంటే వాడిదే మంచిది. నాకు తెలిసిందంతా చెప్పాను. చప్పుడు వినపడగానే తల తిప్పాలనిపిస్తుంది, తిప్పకు అని. తిప్పితే ముందున్నవాడు పోతాడు."

"చప్పుడు విని కూడా ఎలా నిలబడతావు, బాబూ?" అన్నాను. నిజంగా తెలుసుకోవాలని అడిగాను.

వాడు ఆలోచించాడు. అంతకు ముందు ఎవరూ ఆ ప్రశ్న అడిగినట్టు లేదు. "మా దగ్గర ఒక ఆవు ఉందండీ, తన్నుతుంది. తన్నేముందు తెలుస్తుంది, కాలు బిగుస్తుంది. అప్పుడు మనం చెయ్యి తీస్తే కుండ తన్నేస్తుంది, పాలన్నీ నేలపాలు. చెయ్యి తియ్యకపోతే మోచేతికి తగులుతుంది, పాలు మిగులుతాయి." సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "అంతేనండీ. పెద్ద విషయమేం కాదు."

వాడు వెళ్ళాక చూస్తే నాన్న చేతిలో పేపరు తలకిందులుగా ఉంది.

బ్రాండన్ ఆటకి ఆటగాళ్ళ తల్లులు గ్యాలరీలో కూర్చోరు. కొడుకు నంబరున్న చొక్కా తొడుక్కుని మైదానం అంచున, తెల్లగీతకి రెండడుగుల ఇవతల నిలబడతారు. నేను పన్నెండో నంబరు చొక్కా వేసుకున్నాను. నా పక్కకి ఇర్మా స్టాల్ వచ్చి నిలబడింది, ఏడో నంబరుతో. ఆమె కొడుకు బెంచీ మీద ఉన్నాడు. ఆమె నాకేసి చూసి తలూపింది. ఆ రోజు అరిచింది నేనేనని ఆమెకి తెలుసో లేదో ఈరోజుకీ నాకు తెలియదు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ ఆట చూస్తున్నానన్నమాటే గానీ నేల మీద నిలబడి చూడలేదు. పైనుంచి బొమ్మల్లా కనిపించేవాళ్ళు కింద ఎడ్లంత ఉన్నారు. వాళ్ళు కదిలితే కాళ్ళ కింద గడ్డి అదిరింది. ఒకరినొకరు గుద్దుకున్న చప్పుడు పైకి టపటపమని వినిపించేది. కింద అది చప్పుడు కాదు, తలుపు మీద దుంగతో మోదినట్టు గుండెకే తగులుతుంది. బ్రాండన్‌లో డెబ్భై నాలుగో నంబరువాడు ఒకడున్నాడు. బడ్‌కి ఎదురుగా నిలబడి, బడ్‌ని చూసి నవ్వాడు.

బంతి కర్టిస్ చేతికి వచ్చింది. మొదటి అడుగుల చప్పుడుకే వాడు విసిరేశాడు. బంతి ఎవరూ లేనిచోట పడింది. రెండోసారి తల తిప్పి చూసి, పక్కకి పరిగెత్తి, గీత దాటి బయటికి వచ్చేశాడు. మూడోసారి మళ్ళీ ఖాళీలోకి. గ్యాలరీ ఓపిక పట్టింది, వాడు వాళ్ళు కోరుకున్నవాడు కదా. నాలుగోసారి, ఐదోసారి. బంతి బ్రాండన్‌వాడి చేతుల్లో పడింది. విరామానికి ముందు బ్రాండన్‌కి పద్నాలుగు, మాకు సున్నా. నా కొడుకు చొక్కా మీద మట్టి మరక కూడా లేదు. ఒక్కసారి కూడా వాణ్ణి ఎవరూ ముట్టుకోలేదు. మూడు లెక్కపెట్టేదాకా వాడెప్పుడూ ఆగలేదు.

నేను వాణ్ణి తప్పుపట్టను. డెబ్భై నాలుగోవాడు నా ముందునుంచి పరిగెత్తినప్పుడు నేనే గీత వదిలి వెనక్కి జరిగాను.

అప్పుడు ఎక్కడో పైన ఒకడు ఊళ పెట్టాడు. ఆ తర్వాత పదిమంది. కర్టిస్ పైకి చూడలేదు. బెంచీ దగ్గరికి నడిచి వెళ్ళి ఎజ్రా ముందు ఆగాడు, కోచ్ ముందు కాదు. హెల్మెట్ తీశాడు. ఏదో అన్నాడు, నాలుగైదు మాటలు. ఎజ్రా కోచ్ వైపు చూశాడు, కోచ్ నేల వైపు చూశాడు. ఎజ్రా లేచి హెల్మెట్ పెట్టుకున్నాడు.

నా పక్క ఇర్మా కళ్ళు దించేసింది. గడ్డి వైపు చూస్తూ పెదవులు కదుపుతోంది. ప్రార్థన అనుకున్నాను. చెవి దగ్గర పెట్టి వింటే లెక్కపెడుతోంది.

"ఒకటి. రెండు. మూడు," అంది. "మూడున్నరకి తగులుతుంది. ఆ తర్వాత చూస్తాను. లేస్తే చూస్తాను."

ఆమె చూడలేకపోయినదాన్ని నేను చూశాను.

ఎజ్రా రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. ఊరంతా మొద్దుతనమన్న ఆ నిలబడటం నాకు పదిహేను గజాల దూరంలో ఉంది. బడ్ పడిపోయాడు. డెబ్భై నాలుగోవాడు కొండ దిగే లారీలా వస్తున్నాడు. నాకే ఆ అడుగులు వినపడుతున్నాయి, వాడికి వినపడవా? వాడి మెడ మీద నరం లేచింది. తల కదల్లేదు. కళ్ళు దూరంగా కుడివైపు పరిగెత్తేవాడి మీద, గాలి లేని గదిలో దీపంలా నిలబడి ఉన్నాయి. వాడికి తెలుసు. రాబోయేది ఎక్కడ తగులుతుందో, ఎంత నొప్పిపెడుతుందో, రేపు పొద్దున్న ఎలా ఉంటుందో అంతా తెలుసు. తెలిసి ఇంకో క్షణం ఆ పరిగెత్తే కుర్రాడికి ఇచ్చాడు. చెయ్యి ముందుకొచ్చింది. బంతి వేళ్ళు వదిలాక, రెప్పపాటు తర్వాత, ఆ బరువంతా వాడి పక్కటెముకల మీద పడింది.

వాడి నోట్లోంచి గాలి బయటికొచ్చిన చప్పుడు నేను విన్నాను. ఆ వయసు పిల్లల నోట మాటలు విన్నాను, అరుపులు విన్నాను, అది మాత్రం ఎప్పుడూ వినలేదు. దూరంగా జనం హోరుమన్నారు. బంతి అందినట్టుంది. నేను అటు చూడలేదు. నేలమీద ఉన్నవాడినే చూస్తున్నాను. ఒక మోకాలు, ఒక చెయ్యి, రెండో మోకాలు. లేచాడు. పడిపోయిన బడ్‌కి చెయ్యి అందించి లేపాడు, వాడి వీపు మీద చరిచాడు, మళ్ళీ వెళ్ళి అదే చోట నిలబడ్డాడు.

అలా పందొమ్మిదిసార్లు. లెక్క ఇర్మాది.

పదిహేడు పద్నాలుగుతో ఓడిపోయాం. గ్యాలరీలో ఎవరూ ఊళ పెట్టలేదు, చప్పట్లూ కొట్టలేదు. జనం మాట్లాడకుండా మెట్లు దిగి కార్ల దగ్గరికి వెళ్ళారు. నేను ఇర్మాతో ఏదో అనాలనుకున్నాను. "మీ అబ్బాయి..." అన్నాను. ఆమె నా చెయ్యి నొక్కి, "ఇంటికెళ్ళాక మంచుగడ్డలు పెట్టాలి," అని వెళ్ళిపోయింది.

సోమవారం కర్టిస్ కోచ్ దగ్గరికి వెళ్ళి తనని బడ్ పక్కన, ఎడమ చివర నిలబెట్టమని అడిగాడట. వాడంత సన్నటివాణ్ణి అక్కడ ఎవరూ నిలబెట్టరు. "ఆపలేను, సార్. అరక్షణం ఆలస్యం చెయ్యగలను," అన్నాడట. ఆ మాట మాకు కోచే చెప్పాడు, కటింగ్‌కి వచ్చినప్పుడు. నాన్న మొహం చూడలేక నేను దువ్వెన వెతుకుతున్నట్టు సొరుగు తెరిచాను. పదకొండేళ్ళు పెరట్లో బంతి పట్టించిన మనిషి ఆయన.

మిగిలిన మూడు ఆటల్లో కర్టిస్ బంతి ముట్టుకోలేదు. బంతి చూడనైనా లేదు. ప్రతిసారీ తనకంటే ఒకటిన్నర రెట్లున్నవాడికి ఎదురెళ్ళి, బడ్‌తో పాటు కింద పడేవాడు. వెనక ఎజ్రాకి ఆ అరక్షణం దొరికేది. రెండు గెలిచాం, ఒకటి ఓడాం. కప్పుకి అది ఏ మూలకీ చాలదు. గస్ గడ్డం గీయించుకుంటూ, "ఈ స్టాల్ కుర్రాడు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు," అన్నాడు. నేను చేతిలో కత్తి ఆపాను. కత్తి గొంతు మీద ఉంది కాబట్టి ఆయనా రెట్టించలేదు.

చివరి ఆట అయ్యాక, ఇంట్లో, వంటగదిలో ముగ్గురం కూర్చున్నాం. కర్టిస్ పెదవి వాచి ఉంది. ఎడమ కన్ను సగమే తెరుచుకుంటోంది. నేను బఠానీల సంచి మంచుపెట్టెలోంచి తీసి గుడ్డలో చుట్టి ఇచ్చాను. నాన్న చాలాసేపు వాడి వైపే చూశాడు.

"అక్కడ ఎలా ఉంటుందిరా?" అన్నాడు.

ఆట గురించి మా నాన్న ఎవరినైనా ప్రశ్న అడగడం నేను అదే మొదటిసారి వినడం.

కర్టిస్ బఠానీల సంచి కంటికి ఆనించుకుని ఆలోచించాడు. "ఏమీ కనపడదు తాతా. వీపు అటు ఉంటుంది కదా. వెనక వాడు విసిరాడో లేదో తెలీదు. కింద పడి ఉంటాం, మొహం గడ్డిలో. అందిందో లేదో జనం అరుపుని బట్టి తెలుసుకోవడమే."

నాన్న వణికే చేతుల్ని బల్ల మీద ఒకదానిమీద ఒకటి పెట్టుకున్నాడు.

"ఆర్నీ కోవాచ్," అన్నాడు.

మాకు అర్థం కాలేదు. ఆర్నీ కోవాచ్ మాకు తెలుసు. ఫ్యాక్టరీలో పళ్ళేలు పేర్చే మనిషి, ఒక చెవి సరిగ్గా వినపడేది కాదు. రెండేళ్ళ క్రితం పోయాడు.

"నలభై ఎనిమిదిలో నా ఎడమ పక్క వాడే," అన్నాడు నాన్న. "ఇరవై ఏళ్ళు నా దగ్గరే క్రాపు చేయించుకున్నాడు. ఆ కుర్చీలో కూర్చుని నేను చెప్పే కబుర్లన్నీ వినేవాడు. కప్పు ఎలా గెలిచానో వాడికే ఎన్నిసార్లు చెప్పి ఉంటానో." తన చెవి తడుముకున్నాడు. "ఆ చెవి ఎప్పుడు పోయిందని నేనెప్పుడూ అడగలేదు."

తర్వాత నాన్న తన కుర్చీ కర్టిస్ పక్కకి జరుపుకుని, "మళ్ళీ చెప్పరా," అన్నాడు. "మొదటినుంచి చెప్పు. మెల్లగా."

కర్టిస్ చెప్పాడు. వాడు చెబుతున్నంతసేపూ ఆయన ఒక్కసారి కూడా మధ్యలో మాట్లాడలేదు.